రింగులు వేయించిన బిళ్ళలు

నా ముసలితనం చాలాకాలం నా నడుముకే వేలాడింది. లంగా బొందు దగ్గర లోపలివైపు కుట్టుకున్న గుడ్డ సంచి, అందులో బంగారు బిళ్ళలు, ఒక్కొక్కటీ ఒక ప్లాస్టిక్ అట్టలో. వంగి ఇల్లు తుడుస్తుంటే అట్టల మూలలు పొట్టలో గుచ్చుకునేవి. గుచ్చుకుంటే చిరాకు, గుచ్చుకోకపోతే గుండె గుభేలు. బస్సులో ఎవరైనా ఆనుకుని నిలబడితే దిగిపోయి ఇంకో బస్సు ఎక్కేదాన్ని.

వీసా దుబాయ్‌లో నేను పనిచేసే ఇంటి మేడమ్ ఇచ్చింది, పడుకునే పక్క మాత్రం ఊరి చివర ఇంటర్నేషనల్ సిటీలో. ఒక గదిలో మంచం మీద మంచం. అందరం గోదావరి జిల్లాల ఆడాళ్ళమే, ఇళ్ళల్లో పని చేసుకునేవాళ్ళమే. ఎవరి పక్కకు వాళ్ళు పాత చీర పరదా కట్టుకున్నాం. పరదాకు తాళం ఉండదు కదా, అందుకని సంచి తడిమి చూసుకోవాలనిపించినప్పుడల్లా బాత్రూముకు పోయేదాన్ని. అది కనిపెట్టింది కింద మంచం పిన్ని. సొంత పిన్ని కాదు. కోనసీమ మనిషి, అందరిలోకీ పెద్దది, అందరికీ పిన్నే.

"పిల్లా, నీకు షుగరుందే," అంది ఒకరోజు బియ్యం కడుగుతూ. "ఊరికే అన్నిసార్లు ఎవరెళ్తారు? టెస్టు చేయించుకో."

"షుగరూ లేదు, బెల్లమూ లేదు పిన్నీ."

"మరి సంచి తడుంకోడానికే అయితే ఇక్కడే తడుంకో. నువ్వు నడుస్తుంటే పేకముక్కలు కలిపినట్టు చప్పుడొత్తంది. గదిలో తెలియనిదెవరికి?"

దాచుకున్నాననుకున్నది నేనొక్కదాన్నే.

ఆ బిళ్ళలు మా ఆయన కొన్నవి. ఆయనది దుబాయ్‌కి దూరంగా ఖోర్ ఫక్కాన్ పోర్టులో ఓడ మీద కంటైనర్లను ఇనప కడ్డీలతో బిగించే పని. అప్పట్లో నేను అదే ఊళ్ళో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేదాన్ని. ఊరికి పంపాల్సింది పంపగా మిగిలింది కూడబెట్టి, ఎప్పుడో ఒకసారి ఒక బిళ్ళ తెచ్చేవాడు. గొలుసు కొనొచ్చుగా అని నేను సాధించేదాన్ని. ఆయన ఒకటే మాట.

"నగ కాదే, పింఛను. గవర్నమెంటోడికి గవర్నమెంటు ఇత్తాది. మనకి మనవే ఇచ్చుకోవాల. గొలుసైతే మా చెల్లి మెళ్ళోకి పోద్ది, అక్కణ్ణించి ఫైనాన్సోడి బీరువాలోకి పోద్ది. బిళ్ళనెవరడుగుతారు? బిళ్ళ పెట్టుకుని ఫంక్షనుకి ఎవరన్నా ఎళ్తారా?"

అట్ట చింపొద్దని మాత్రం గట్టిగా చెప్పాడు. ఎందుకని నేను అడగలేదు.

కరోనా వచ్చిన ఏడాది ఆసుపత్రికి నడిచే వెళ్ళాడు. తిరిగి రాలేదు. నన్ను చూడనివ్వలేదు, ఊరికీ పంపలేదు, ఇక్కడే కానిచ్చేశారు. మామా, అంటే నేను పనిచేసే ఇంటి పెద్దావిడ, నన్ను ఉండమనే అంది. కానీ ఆ ఊళ్ళో ఓడ కూత వినపడితే నాకు కాలు నిలవలేదు. పొయ్యి మీద కూర వదిలేసి గుమ్మంలోకి వచ్చేసేదాన్ని. పిల్లలు లేరు. ఊళ్ళో ఒక గది ఇల్లు, నడుముకి ఆ సంచి, అంతే నేను. దుబాయ్ వచ్చి మేడమ్ దగ్గర చేరాను. మేడమ్ హైదరాబాదు మనిషి, బ్యాంకులో పని, నాకన్నా చాలా చిన్నది.

సంచి సంగతి బయటపడ్డాక పిన్నే ఒక దారి చెప్పింది.

"బిళ్ళలు పట్టుకెళ్తే విమానం దిగ్గానే పన్ను కట్టమంటారే. మా ఊరమ్మాయిని అక్కడే కూచోబెట్టేశారు. అదే ఒంటి మీద నగైతే, ఆడమనిషికి ఇంత తూకం దాకా అని ఒదులుతారు. రింగులేయించి దారానికి గుచ్చుకో. కాసులపేరంటే ఎవడేమంటాడు?"

మంచి మాటే అనిపించింది. దుబాయ్ పాతబస్తీ డేరాలో బంగారం బజారు వెనక సందులో ఒక బెంగాలీ కంసాలి ఉన్నాడు, మనిషి పట్టేంత కొట్టు. అతని ముందు కూర్చుని అట్టలన్నీ కత్తెరతో నేనే చింపాను. ఒక్కో అట్ట చింపుతుంటే మా ఆయన మాట చెవిలో పడుతూనే ఉంది. నీకేం తెలుసు, విమానం ఎక్కేది నేను కదా అని మనసులోనే జవాబు చెప్పాను. కంసాలి ప్రతి బిళ్ళకూ చిన్న రింగు పెట్టి టంకం వేశాడు. పసుపు దారానికి గుచ్చి మెళ్ళో వేసుకుని, జాకెట్టు లోపలికి తోసుకున్నాను.

ఇప్పుడు గుచ్చుకోవడం పోయి, చల్లగా తగలడం మొదలైంది. దారం తెగుతుందేమోనన్న భయం కొత్తగా పట్టుకుంది. రెండు దారాలు వేశాను. మేడమ్ వాళ్ళ బాత్రూము కడుగుతుంటే ఒకరోజు ఆ బిళ్ళల పేరు జాకెట్టులోంచి జారి బకెట్టులోకి వేలాడింది.

"అక్కా, ఏంటిది?" అంది మేడమ్ గుమ్మంలోంచి. "ఇంత బంగారం మెళ్ళో వేసుకుని బాత్రూములు కడుగుతావా?"

"ఎక్కడ పెట్టమంటారండీ మరి?"

మేడమ్, ముసలితనానికి బంగారం దాచే ఖాతా ఒకటుందని, దుకాణం వాళ్ళే ఖజానాలో పెట్టి కాపలా కాస్తారని, కావాలనుకున్నప్పుడు తీసుకోవచ్చని చెప్పింది. దుకాణం ఎక్కడుందో నా ఫోనుకి పంపింది. సెలవురోజు నేనూ పిన్నీ వెళ్ళాం. పిన్ని కూడా పట్టీలు, వాళ్ళమ్మ ఇచ్చిన కాసు రుమాల్లో కట్టుకుంది.

దుకాణంలో కళ్ళజోడు పెట్టుకున్న బట్టతల మలయాళీ ఆయన కూర్చోబెట్టి, హిందీలో ఓపిగ్గా చెప్పాడు. ఆ ఖాతాలోకి నాలుగే లోహాలు వస్తాయట. బంగారం, వెండి, ప్లాటినం, ఇంకా పల్లాడియం అని ఒకటి. చివరి రెండూ నేను కంటితో చూసినవి కావు. ఆ నాలుగూ కూడా మేలిమివి కావాలి. కడ్డీ గానీ బిళ్ళ గానీ అయి ఉండాలి. పేరున్న రిఫైనరీ ముద్ర ఉండాలి. నగ అయితే ఎంత బరువున్నా లెక్కలోకి రాదు.

పిన్ని పట్టీలు తీసి బల్ల మీద పెట్టింది. "వెండి అన్నారుగా."

"ఇవి నగలమ్మా."

"పోనీ ఇది చూడండి. రాజు బొమ్మ కూడా ఉంది."

ఆయన కాసును అటూ ఇటూ తిప్పాడు. "మంచి బంగారమే. కానీ ఇరవై రెండు కేరెట్లు, రాగి కలిసింది. ఈ ఖాతాకి చెల్లదు."

"రాజుదే చెల్లకపోతే మనవేం చెల్లుతాయే, పద," అని పిన్ని రుమాలు ముడేసుకుంది.

నేను నా బిళ్ళల పేరు తీసి ముందు పెట్టాను. ఆయన ఒక బిళ్ళను రింగు పట్టుకుని ఎత్తి చూసి జాలిగా నవ్వాడు. ఇవి అట్టలో ఉన్నప్పుడు చెల్లేవమ్మా, సీలు తీసి టంకం వేసిన రోజే నగలైపోయాయి అన్నాడు. రింగు కోసేస్తే అంటే, మచ్చ పోదు అన్నాడు.

బయటికి వచ్చాక పిన్ని టీ తాగుదామంది. నేను తాగలేకపోయాను. అట్ట చింపొద్దని ఆయన ఎందుకన్నాడో ఆ సందులో నిలబడితే అర్థమైంది. విమానం దగ్గర నగ అయితేనే దారి ఇస్తారు, ఖజానా దగ్గర నగ కాకపోతేనే. నేను రెండు గుమ్మాల మధ్య నిలబడ్డాను, మెళ్ళో దారం వేసుకుని.

పిన్ని వద్దంటున్నా వినకుండా ఆ మర్నాడే కంసాలి దగ్గరకు పరిగెత్తాను. "ఫిర్ ఆయా దీదీ?" అన్నాడు. మళ్ళీ వచ్చావా అని. అన్నీ కరిగించి ఒక కడ్డీ చేసిపెట్టమన్నాను. రింగులు కత్తిరించి పక్కన పెట్టి, బిళ్ళలన్నీ మట్టి మూసలో వేసి మంట పెట్టాడు. కాసేపు బిళ్ళలు బిళ్ళల్లాగే ఉన్నాయి. తరవాత అంచులు వంగాయి. ఏది మొదట కొన్నదో, ఏది ఓవర్‌టైము డబ్బుతో కొన్నదో నాకు గుర్తుండేది. ఒక్క క్షణంలో ఆ గుర్తులన్నీ కలిసి గుడ్డు సొనలా కదిలాయి. నేను కొట్టు బయటికి వచ్చి నిలబడ్డాను, మళ్ళీ లోపలికి వెళ్ళాను, మళ్ళీ బయటికి వచ్చాను. కంసాలి తల ఎత్తి, "బైఠో దీదీ, బంగారం ఎక్కడికీ పోదు," అన్నాడు. తరుగు మాత్రం పోయింది. నేను చూస్తుండగానే పోయింది.

ఆ కడ్డీ తీసుకుని దుకాణానికి వెళితే కళ్ళజోడు ఆయన నెత్తి పట్టుకున్నాడు.

"అమ్మా, ఇది ఎవరు చేశారు? ముద్ర ఏది?"

"మేలిమే కదండీ. బిళ్ళలే కదా కరిగించింది."

"మేలిమే కావచ్చు. రిఫైనరీ పేరు లేకపోతే నేనెలా రాసుకోను?"

చివరికి పరీక్ష చేసి, పాత బంగారం కింద తీసుకుని, బదులుగా ముద్ర ఉన్న కొత్త బిస్కెట్టు ఇచ్చారు. మళ్ళీ కొంత పోయింది. అట్టలో ఉన్న ఆ బిస్కెట్టు నా కళ్ళ ముందే ఖాతాలోకి వెళ్ళిపోయింది. నా చేతికి ఒక కాగితం వచ్చింది.

ఇక నిద్ర పడుతుందనుకున్నాను. ఆ రోజు నుంచి నా చెయ్యి నా మాట వినలేదు. గిన్నెలు తోముతూ మెడ తడుముకుంటుంది, బస్సులో నడుము తడుముకుంటుంది. ఏమీ తగలకపోయేసరికి పోగొట్టుకున్నానని ఒళ్ళంతా చెమట. తరవాత గుర్తొస్తుంది. ప్రతి సెలవురోజూ దుకాణానికి పోయి, ఒకసారి చూపించమనేదాన్ని. అది ఇక్కడ ఉండదమ్మా, ఖజానాలో ఉంటుంది, భద్రంగా ఉంది అనేవాడు ఆయన. పాపం, ఎప్పుడూ విసుక్కోలేదు. భద్రంగానే ఉందని నాకూ తెలుసు. నేనే భద్రంగా లేను.

ఇలా ఉండగా మేడమ్‌కి వేరే దేశం బదిలీ అయింది. వీసా తనదే కాబట్టి నాదీ ఖలాస్. ఇంకో ఇల్లు చూసిపెడతానంది. నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్ళిపోతానని చెప్పాను. చెప్పాక గాని తెలియలేదు, ఇన్నాళ్ళూ దాచింది ఈ రోజు కోసమేనని.

కళ్ళజోడు ఆయన బిస్కెట్టు అమ్మేసి డబ్బు పంపుకోమన్నాడు. డబ్బంటే నాకు భయం. ఊళ్ళో నా ఖాతా చూసేది మా ఆడపడుచు కొడుకు. బిస్కెట్టు పట్టుకెళ్తే విమానం దగ్గర పన్ను. నగ చేయిస్తే మా ఆయన చెప్పిన దారే, ముందు అరువు, ఆ తరవాత ఫైనాన్సు. ఆ రాత్రంతా అటు తిరిగి ఇటు తిరిగి మంచం కిర్రుమనిపిస్తుంటే కింద నుంచి పిన్ని కాలితో తన్నింది.

"నువ్వు దిగు, నేనెక్కుతాను. నాకైనా నిద్దరొత్తది."

పొద్దున లేచేసరికి నాకు ఒక ఉపాయం తట్టింది. బిస్కెట్టు వెనక్కి తీసుకుని సందులోకి వెళ్ళాను. కంసాలి నన్ను చూసి ఏమీ అడగకుండానే మంట వెలిగించాడు. రెండు గాజులు, సాదావి, చెయ్యమన్నాను. మేలిమి మెత్తన దీదీ, గాజుకు నిలవదు, రాగి కలపాలి అన్నాడు. కలుపు అన్నాను. ఇన్ని గుమ్మాలు తిరిగి చివరికి మా పిన్ని కాసు పాటి బంగారమే అయింది నాది.

"సైజు?" అన్నాడు.

"సబ్బు రాసినా ఊడి రాకూడదు."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. మణికట్టు దగ్గర తెరిచి తొడిగి, అక్కడే తడిగుడ్డ చుట్టి టంకం వేశాడు. కాలింది గానీ చెయ్యి లాక్కోలేదు. తీయాలంటే కొయ్యాలి దీదీ అన్నాడు. అమ్ముకునే రోజున మా ఊరి కంసాలి కోస్తాడులే అన్నాను. తరవాత పిన్ని కూరగాయల కొట్టులో మిరపకాయల తక్కెడ మీద నా చెయ్యి పెట్టించి తూకం చూద్దామంది. చెయ్యి ఎంతో, గాజులెంతో ఎవరికి తెలుస్తుంది. కొట్టువాడు కూడా నవ్వాడు. కంసాలి చెప్పిన తూకం విమానం వాళ్ళు ఒప్పుకునే దాంట్లోనే ఉంది. అదే నమ్మకం.

వస్తున్నానని చెప్పడానికి ఆడపడుచుకి వీడియో కాల్ చేశాను. ముందు ఏడ్చింది. కళ్ళు తుడుచుకోగానే ఆమెకు నా చెయ్యి కనపడింది.

"వదినా, గాజులు భలే ఉన్నాయే. మా చిన్నదానికి ఓణీల ఫంక్షనెట్టాం. ఒక్క రోజుకి ఏద్దువుగాని దాని చేతికి."

నేను ఫోను గోడకు ఆనించి, ఆమె చూస్తుండగానే గాజు పట్టుకుని లాగాను. బొటనవేలి కీలు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ లాగాను. చర్మం ఎర్రగా కందింది.

"ఊడదు అమ్మాయ్. చెయ్యి కోసి పంపమంటావా?"

"అదేంటొదినా, అంత బిగువు గాజులు ఎవరన్నా చేయించుకుంటారా?"

"గాజులు కాదే. పింఛను."

ఆమె ఫోను దగ్గరికి తెచ్చుకుని నా మణికట్టు చూసింది. తరవాత, "అన్నయ్య మాటే నేర్చావు," అంది, కొంచెం కోపంగా, కొంచెం మామూలుగా. టిక్కెట్టు ఎప్పుడని అడిగి పెట్టేసింది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం బస్టాపులో నిలబడితే చెయ్యి వాచి గాజులు ఇంకా బిగుస్తున్నాయి. కింద చర్మం దురద. తిప్పుదామంటే తిరగవు. విమానం దగ్గర ఎవరైనా తీసి చూపించమంటే ఏం చెయ్యాలో కూడా తెలియదు. చెయ్యి మటుకు ఇప్పుడు ఎక్కడా తడుముకోవడం లేదు.