నీ డాక్టరమ్మను నువ్వే వెతుక్కో

డాక్టరమ్మ పోయారు. డ్రెస్డెన్‌లో చాన్నాళ్లుగా ఉంటున్న తెలుగువాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఈ జనవరిలో, టీకా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తూండగానే కరోనా పట్టుకుంది. ఆసుపత్రికి మమ్మల్నెవర్నీ రానివ్వలేదు. జీవితమంతా ఊపిరితిత్తుల జబ్బులకు వైద్యం చేసిన మనిషి, చివరికి ఊపిరి అందకే పోయారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె మా కింది వాటాలో ఒంటరిగా ఉండేవారు. గుంటూరులో మెడిసిన్ చదివి, మా అమ్మ పుట్టకముందే జర్మనీ వచ్చారట. మాతో పని పడితే ఫోన్ చేసేవారు కాదు. వంటింట్లో గది వెచ్చబెట్టే హైట్సుంగ్ గొట్టాన్ని గరిటెతో కొట్టేవారు. మా ఇంట్లో ఖంగుమని మోగేది. ఆదివారం పూట ఇదేం గోలని పక్కింటి జర్మన్ ముసలాయన తలుపుకు చీటీ అంటించినా మానలేదు. మెట్ల మీద ఎవరైనా దగ్గారంటే చాలు, తలుపు తీసి "ఎన్నాళ్ల నించి ఆ దగ్గు?" అని నిలదీసేవారు. చిన్నప్పుడు హైదరాబాదు నుంచి వచ్చిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తెలుగు మరిచిపోకుండా రాయించింది కూడా ఆమే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె చలవే.

నేను మెడిసిన్ చదువుతున్నాను. ఒక పక్క రోగుల్ని చూస్తూ, మరో పక్క పరిశోధన చేసే డాక్టర్లను తయారుచేసే ప్రోగ్రాములో చేరాలని నా ఆశ. దానికి అప్లై చేసే ముందు ఒక వేసవి ఏదైనా ల్యాబులో పనిచేసి, అక్కడివాళ్ల చేత నా గురించి మంచి మాట రాయించుకోవాలి. ఆ వేసవి వృథా అయితే ఇంకేముంది, నా ఆశకు నీళ్లొదులుకోవడమే.

డిసెంబరులో రెండు చోట్ల నుంచి రమ్మన్నారు. ఒకటి బాగా పేరున్న ప్రొఫెసర్ ల్యాబు. ఇంట్లో కూర్చుని కరోనా రోగుల స్కాన్‌లు కంప్యూటర్‌లో చూడాలి. అచ్చయ్యే పరిశోధన పేపర్‌లో నా పేరు ఖాయం. రెండోది ఇదే ఊళ్లో, ఎవరూ పెద్దగా పేరు వినని ఒకావిడ ల్యాబు. జబ్బుతో గట్టిపడిపోయిన ఊపిరితిత్తుల ముక్కల మీద పని. పేపర్ సంగతి ఆవిడ ఎత్తనే లేదు.

ఏది ఎంచుకోవాలో తేలక డాక్టరమ్మను అడిగాను. ఇంటి వెనక హోఫ్‌లో, అంటే పెరట్లో, ఈ చివర ఆమె కుర్చీ, ఆ చివర నా కుర్చీ. మాస్కుల్లోంచి అరుచుకుంటూ మాట్లాడుకున్నాం.

"కరోనా మీద కోపంతో మాత్రం ఎంచుకోమాకే పిల్లా. రోగాన్ని చూసి కాదు, నేర్పే మనిషిని చూసి ఎంచుకో."

"వీడియో కాల్‌ల మనిషినెట్ల చూస్తం డాక్టరమ్మా?"

"మీ ల్యాబులో ఈమధ్య ఏం చెడిపోయిందండీ అని అడుగు. ఏం చెడిపోలేదన్నారా, కాల్ కట్ చేసెయ్."

"గదంతా ఎందుకు, మీరే చెప్పరాదు?"

"నేను మీ అమ్మకి డాక్టరమ్మని. నీ డాక్టరమ్మని నువ్వే వెతుక్కో!"

ఇక్కడ పీహెచ్‌డీ చేయించే గైడు ఆడమనిషైతే డోక్టోర్‌ముట్టర్ అంటారు. అంటే అచ్చంగా డాక్టరమ్మే. తన మాటకు తనే పగలబడి నవ్వారు. అదే ఆఖరు, మళ్లీ మేం ఎదురెదురుగా కూర్చోలేదు.

ఆమె పోయాక మా అమ్మ కళ్లు తుడుచుకుంటూ, "కరోనాతోనే పోయింది గద బిడ్డా. గా పెద్దాయన దగ్గర్నే చెయ్యి. ఆమె ఆత్మ శాంతిస్తది," అంది. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. ఆమెను మింగిన రోగం అంతు చూడాలన్నంత కసి. ఆమె వద్దన్నది సరిగ్గా ఆ కసినే. రెండు ల్యాబులకూ ఆ వారమే జవాబు చెప్పాలి.

వీడియో కాల్‌లో ఇద్దరినీ డాక్టరమ్మ చెప్పిన ప్రశ్నే అడిగాను. ప్రొఫెసర్ గారు చిన్నగా నవ్వి, తమ దగ్గర అన్నీ సవ్యంగా సాగుతాయన్నారు. ఆ రెండో ఆవిడ తల పట్టుకుంది. లాక్‌డౌన్‌లో పెంచుతున్న కణాలన్నీ బూజు పట్టి చచ్చాయట. తప్పు తనదేనట. ఎక్కడ పొరబడిందో చెబుతూ చెబుతూ, నన్ను ప్రశ్నలడగాలన్న సంగతే మరిచిపోయింది.

ఆవిడకే సరేనన్నాను. అమ్మ కొన్నాళ్లు ముఖం మాడ్చుకుంది. అలాగని నాకేమైనా ధైర్యం ఉందా? పేపర్ లేకుండా ఆ ప్రోగ్రాములో సీటు ఎవరిస్తారు? ఇది రాస్తున్నప్పుడు కూడా గుండెల్లో గుబులే. తిట్టడానికైనా, భేష్ అనడానికైనా డాక్టరమ్మ లేకపోవడం మహా కష్టంగా ఉంది.

పోయిన వారం పనిలో చేరాను. మొదటి రోజే ఆవిడ ఒక గాజు పళ్లెం నా ముందు పెట్టింది. అందులో ఆపరేషన్‌లో తీసిన ఊపిరితిత్తి ముక్క. ఎవరిదో చెప్పరు, అడగకూడదు. దాన్ని పల్చగా కోయాలి. బ్లేడు ఎక్కడ ఆనించాలో తెలియక ఆగిపోయాను. ఆవిడ వెనక నిలబడి, గ్లౌజు తొడిగిన చేతిని నా చేతి మీద వేసింది. ఇంట్లోవాళ్లు కాక ఇంకో మనిషి నన్ను తాకి ఎన్ని నెలలైందో! మాస్కు పైన కళ్లద్దాలు మసకబారిపోయి, ముక్కా కనబడలేదు, బ్లేడూ కనబడలేదు.

"కనబడకపోతే ఆగు, తొందరేం లేదు," అంది జర్మన్‌లో. చెయ్యి మాత్రం తియ్యలేదు.