ప్రమాణానికి ముందే పోయిన గవర్నర్

2011. తెలంగాణ కోసం బస్సులు బందైన రోజులు. హైదరాబాద్‌లో పెరిగిన నేను జనగామలో ఒక చిన్న ప్రెస్సులో డీటీపీ పనికి చేరి ఏడాది కాలేదు. కోపం ముక్కు మీద, ఫోను చేతిలో ఉండేవి.

మొగుళ్లపల్లి నుంచి రిటైర్డ్ సోషల్ టీచరు మల్లయ్య సార్ పదహారు పేజీల పుస్తకం రాసి తెచ్చారు. నూట యాభై ఏళ్ల కింద అమెరికాలో వర్జీనియా నుంచి పడమటి జిల్లాలు విడిపోయి కొత్త రాష్ట్రమయ్యాయి. దానికి మొదటి గవర్నరైన ఒక లాయరు జీవితం అది. కంపోజింగ్ అయిన రోజు పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

"మా దీక్ష శిబిరంల ఒకాయన రోజూ అడుగుతుండు తమ్మీ, విడిపోయి బతికిన రాష్ట్రం ఒక్కటి జూపియ్యమని. రేపు ఆయన చేతులనే పెడ్త. నాలుగ్గొట్టంగ పత్తి వ్యాను పోతది. గది దప్పితే ఇంకో బండి లేదు."

పెద్ద షీటు మీద ఇటు ఎనిమిది, అటు ఎనిమిది పేజీలు అచ్చవుతాయి. మడిస్తే వరుసలోకి వచ్చేలా వాటిని అటూ ఇటూ పేర్చడమే ఇంపోజిషన్. తప్పు పోకుండా ముందు తెల్లకాగితం మడిచి అంకెలు వేసుకుంటారు. అది డమ్మీ.

"డమ్మీ మడ్చినవా బేటా?" అచ్చు మెషిన్ నడిపే ఖాజా భాయ్ అడిగాడు.

"కంప్యూటరుండంగ కాగితాలు మడుచుడేంది భాయ్?" మెసేజ్ కొడుతూనే విసుక్కున్నాను. బేసి పేజీలు ఒకవైపు వరుసగా పెట్టి, వాటి వెనక సరి పేజీలు సర్దేశాను.

మధ్యాహ్నానికి మూడు వందల షీట్లు అచ్చయ్యాయి. సార్ ఒకటి మడిచి చదివారు. రెండో పేజీలో బడికి పోతున్న పిల్లవాడు పక్క పేజీలో చనిపోయాడు. జడ్జి అయ్యాక లా చదువుతున్నాడు.

"ఏంది తమ్మీ, ప్రమాణం జెయ్యకముందే గవర్నర్ సాబును సంపినవ్?"

ఖాజా భాయ్ నవ్వలేదు. "కాగజ్ ఖతం. లారీ వచ్చేదాక ఒక్క షీటు లేదు."

నేను ఫోను బల్ల మీద పడేసి అరిచాను, ఎవరి మీదో నాకే తెలియదు. సార్ మాత్రం గొంతు పెంచలేదు. "ఒట్టి చేతుల్తోని నేను పోను. ఎట్ల జేస్తవో జెయ్యి."

షీటు తిప్పి చూశాను. ఒకటి వెనక రెండు ఉంది. మూడు వెనక నాలుగు ఉంది. ఆకులన్నీ సరైనవే, మడతే తప్పు.

"భాయ్, మడవొద్దు. కోద్దాం!"

ఖాజా భాయ్ దొంతరలు కోశాడు. ఎనిమిది కుప్పలు బల్ల చుట్టూ పెట్టి, ముగ్గురం తిరుగుతూ ఒక్కో ఆకు ఏరి, పక్కన రెండు పిన్నులు కొట్టాం. ఫోను మోగుతూనే ఉంది.

"ఎత్తవా?" అన్నాడు భాయ్.

"మోగనీ."

వ్యాను హారన్ కొడుతుండగా చివరి కట్టకు పురికోస కట్టాం.

వారానికి సార్ ఫోన్ చేశారు. "పక్క పిన్నులకు పుస్తకం సక్కగ తెరుసుకుంటలేదని శిబిరంల ఆయన తిట్టిండు తమ్మీ. తిట్టుకుంటనే రెండుసార్లు సదివిండు."

అప్పటినుంచి ఏ పుస్తకం వచ్చినా ముందు తెల్లకాగితం మడుస్తాను. మడవడానికి రెండు చేతులూ కావాలి. ఫోను సొరుగులో ఉంటుంది.