నడిమి చుక్క లేని ముగ్గు

నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరి ముగ్గు బాగుందని తగవులాడుకునే పనే లేదు. పక్కింటి అక్క ముగ్గే ముగ్గు. మార్కాపురానికి దాపునే మా ఊరు. మగవాళ్ళలో సగం మంది పలకల గనుల్లోకి పనికి పోయేవాళ్ళు, అక్క మొగుడు కూడా. రక్తసంబంధం ఏమీ లేకపోయినా ఆమె నాకు అక్క, ఆయన నాకు బావ, మా అమ్మకు ఆయన అల్లుడు. ఇప్పటి పిల్లలు గడప ముందు స్టిక్కరు అంటించి అదే ముగ్గంటారు. ఏం చెప్పను! అక్క వేళ్ళ సందున పిండి జారుతుంటే, గీత ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కనిపెట్టలేక నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని.

అవి ఎమర్జెన్సీ రోజులు. ఆ మాటకు అర్థం నాకు తెలియదు గానీ పోలీసు జీపంటే మాత్రం తెలుసు. ఎండాకాలం గనిలో తాగడానికి నీళ్ళు పెట్టించమని బావ పదిమందిని కూడగట్టి గని యజమానిని అడిగాడు. ఆ వారంలోనే జీపు వచ్చి ఆయన్ని ఎక్కించుకుపోయింది. అక్క ఏ స్టేషనుకు పోయినా, అటువంటివాడు మా దగ్గర లేడు పొమ్మన్నారు. ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. చంపేశారని కూడా అన్నారు. అక్క అవేవీ చెవిన పెట్టకుండా రోజూ తెల్లవారకముందే లేచి, కళ్ళాపి చల్లి ముగ్గు వేసేది. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు వెయ్యరు కదా. మా ఇంట్లో ఎవరూ చనిపోలేదని ఆమె ఊరికి రోజూ చెప్పుకునే తీరు అది.

అంతలో ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని దండోరా వేయించారు. జనం ఎంత సంతోషంగా ఉన్నారో చూడడానికట! ఒక్క ఇల్లు కూడా ముగ్గు లేకుండా కనిపించకూడదన్నారు. జీపు ఆగే చోట పెద్ద ముగ్గు అక్కే వెయ్యాలన్నారు. మొగుణ్ణి ఎత్తుకుపోయిన వాళ్ళకు పెళ్ళాం చేత స్వాగతం! ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. చస్తే వెయ్యనని అక్క భీష్మించుకు కూర్చుంది. ముసలి అత్త ఆమె కాళ్ళు పట్టుకుంది. "ముగ్గెయ్యకుంటే నా కొడుకు పోయినాడని మనమే ఒప్పుకున్నట్టు గదా తల్లీ" అని ఏడ్చింది. మా అమ్మ మొదటినుంచీ పిరికిది. "ఏసేయమ్మా, లేకుంటే ఆ జీపు మల్లా వచ్చేది మనిండ్ల మీదికే" అంది. అక్క ఆ పూట అన్నం ముట్టలేదు.

తెల్లవారుతుండగా వీధి మొగలోకి వచ్చింది. పిండి గిన్నె పట్టుకుని నేను వెంట ఉన్నాను. చుక్కలు వరసగా పెట్టుకుంటూ పోయింది. మెలికల ముగ్గులో గీత ప్రతి చుక్కనూ చుట్టి రావాలి. ఒక్క చుక్క తగ్గినా ఆడవాళ్ళ కంటికి వెంటనే ఆనుతుంది. సరిగ్గా నడిమి చుక్క లేదు. మరిచిపోయిందనుకుని, చిటికెడు పిండి తీసి నేనే పెట్టబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"వద్దులేవే. అది మీ బావ చోటు. ఆయన్ని తెచ్చి నిలబెట్టినాక పెడదాం."

తర్వాత ఆ ఖాళీ చుట్టూ కూడా, చుక్క ఉన్నట్టే, జాగ్రత్తగా గీత తిప్పింది. చూడడానికి వచ్చిన ఆడవాళ్ళకు విషయం అర్థమైంది. మా అమ్మ గబగబా ఇంటికి పోతుంటే, కోపంతో పోతోందనుకున్నాను. వెనకే పోయి చూస్తే, మా గడప ముందున్న ముగ్గులో నడిమి చుక్కను కొంగుతో తుడిచేస్తోంది. ఎండ ఎక్కేసరికి వీధిలో ఏ ముగ్గుకూ నడిమి చుక్క లేదు.

ఆఫీసరు వచ్చాడు. దండ వేయించుకుని, బూట్లతో సరిగ్గా ఆ ఖాళీలోనే నిలబడి, ముగ్గు చాలా బాగుందని మెచ్చుకున్నాడు. ఆయనకేం తెలుసు! వెంట వచ్చిన కానిస్టేబులుకు తెలిసింది. మా వైపు మనిషే, అతని ఇంటి ముందూ ముగ్గు ఉంటుంది. ఒక్కో గడప చూసుకుంటూ నడిచి, చివరికి తల దించుకున్నాడు.

కొన్నాళ్ళకు అతనే మామూలు బట్టల్లో సైకిలు మీద వచ్చాడు. అక్క ముగ్గులో నడిమి చోటు అప్పటికీ ఖాళీగానే ఉంది. సైకిలు దిగి దాన్ని చూశాడు.

"ఇంక ఆ చుక్క కోసరం చూడొద్దు చెల్లెమ్మా" అన్నాడు.

తీసుకుపోయిన కొద్దిరోజులకే, కొట్టిన దెబ్బలకు బావ ప్రాణం పోయిందట. ఎక్కడ పూడ్చారో తనకూ తెలియదన్నాడు. ఈ సంగతి తాను చెప్పినట్టు బయటికి రానివ్వద్దని చేతులు జోడించి వెళ్ళిపోయాడు. ఆ మాట వినకుండా ఉంటే బాగుండేదని నాకు చాలా ఏళ్ళు అనిపించేది. అక్క మాత్రం ఎప్పుడూ అలా అనలేదు.

మర్నాడు అక్క గడప ముందు ముగ్గు లేదు. మా ఇంటి ముందూ లేదు. వీధిలో ఎవరింటి ముందూ లేదు. అక్క నడివీధిలో కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ఏడ్చారు. అంతలోనే జీపు వచ్చింది. ఏంది ఈ గోల, ఇండ్లల్లోకి పోయి మెల్లగా ఏడ్చుకోండని అందులో ఒకడు లాఠీ ఊపాడు. అందరి నోళ్ళూ మూతపడ్డాయి. మా అమ్మ నా భుజం ఊతగా పట్టుకుని లేచి నిలబడింది.

"మా అల్లుడు పోయినాడయ్యా. మెల్లగా ఎట్ల ఏడ్చేది?"

అనేసి, మళ్ళీ కూర్చుని, ముందుకన్నా గట్టిగా ఏడ్చింది. ఆమెతో పాటు వీధంతా ఏడ్చింది. జీపు కాసేపు అక్కడే ఆగి, ఏమీ చెయ్యకుండా వెళ్ళిపోయింది.

అక్క అర్ధవీడు దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఏ గడప ముందూ చుక్క పెట్టలేదని తర్వాత విన్నాను. మా అమ్మ కూడా పోయి చాలా కాలమైంది. ఆ మాట అనేటప్పుడు నా భుజం మీదున్న ఆమె చెయ్యి గజగజ వణికింది. అంత భయపడుతూనే ఆ మాట అంది. ఆ వణుకు నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. భయం పోయాక మాట్లాడదాంలే అని నేను ఎన్నడూ ఆగలేదు.