డిలీట్ కొట్టే ముందు

కోయంబత్తూరులో నా మొదటి ఉద్యోగంలో నాకు పని నేర్పిన అక్క, ఏదైనా డిలీట్ కొట్టే ముందు కీబోర్డు మీంచి రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకునేది. ఆఫీసంతా తమిళమే. మా ఇద్దరి ఇళ్లలోనూ తెలుగు కాబట్టి నన్ను మాత్రం తెలుగులో అడిగేది: "దీన్ని నమ్ముకొని ఎవురుండారు పాపా?"

నాకు విసుగొచ్చేది. నొక్కితే పోయేదానికి ఇంత ఆలోచనా!

మా తెలుగువాళ్ల సంఘం వెబ్‌సైటును మా ఆఫీసే చూసుకునేది. అందులో ఒక్కో ఇంటివాళ్ల పేర్లన్నీ ఇంటిపెద్ద పేరు కింద ఉండేవి. తిరుమంగళంలో ఒక పెద్దాయన చనిపోతే సంఘంవాళ్లు ఆయన పేరు తీసేశారు. దాంతో ఆయన కింద ఉన్న పేర్లన్నీ వాటంతటవే చెరిగిపోయాయి. ఆయన భార్య బస్సెక్కి ఆఫీసుకే వచ్చేసింది.

"ఆయన పోయినారు, సరి. నేను ఉండాను గదా కణ్ణూ?" అంది, అక్కను తమిళంలో ముద్దుగా పిలుస్తూ.

అక్క ఆమెకు కాఫీ తెప్పించి, పక్కనే కూర్చోబెట్టుకుని ఆ పద్ధతి మార్చింది. ఇంటిపెద్ద పేరు తీసేసినా మిగతావాళ్ల పేర్లు మిగిలేలా చేసి, ఆమెనే ఇంటిపెద్దగా పెట్టింది. తెర ఆమె వైపు తిప్పి, "ఇదో చూడండవ్వా, ఉండారు మీరు" అంది.

నిరుడు అక్క ఉద్యోగం మానేసి, కంబంలో ద్రాక్షతోట చూసుకోవడానికి వెళ్లిపోయింది. ఆఫీసు కంప్యూటర్లలో ఆమె అకౌంటు తీసేసే పని నా మీద పడింది. నా చేతులు వాటంతటవే ఒళ్లోకి వచ్చాయి. ఆ అకౌంటు కింద, ఆమెను నమ్ముకొని ఎవరున్నారో వెతికాను.

తెర మీద మొదటి పేరు నాదే.