తోక దాచి, ప్రోటీను పారబోసి

నేను చేసిన ఘనకార్యం ఒకటి చెబుతాను. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. మా భారతక్క ముందు మాత్రం నవ్వకండి, ఆవిడకు మంట ఇంకా చల్లారలేదు.

తొంభైల చివర్లో ఉప్పల్ దగ్గర ఒక ల్యాబులో కొత్తగా చేరాను. చిల్కానగర్ నుంచి వచ్చే భారతక్క అక్కడ నా సీనియర్. ఆమె పీహెచ్‌డీ మొత్తం ఒక ప్రోటీను స్ఫటికం దగ్గర ఆగిపోయింది. ఆ ప్రోటీనుకు ట్యాగ్ అని చిన్న తోక తగిలించేవాళ్ళం. నికెల్ పూసలు నింపిన గాజు గొట్టంలో పోస్తే, ప్రోటీను తోకతో పూసలను పట్టుకుని ఉండిపోయేది, చెత్తంతా కిందికి కారేది. కారినది సింకులో పారబోసి, పూసలకు అంటుకున్నదాన్ని విడిపించి దాచడం నా పని. కళ్ళు మూసుకుని చేసేవాణ్ని. అదే కొంప ముంచింది.

స్ఫటికం రావాలంటే ప్రోటీన్లన్నీ ప్రేయర్లో పిల్లల్లా వరుసగా నిలబడాలి. తోకలు ఊగుతుంటే ఏం నిలబడతాయి?

"గీ తోకతోనే లొల్లి. కోసేసిన," అంది అక్క ఒకరోజు. "మళ్ళొకసారి పూసలల్ల పోసి తోకలు వేరు జెయ్యి. జర పైలం, ఉన్నదంత గిదే."

"ఫికర్ జెయ్యకక్కా, నాకేమన్న కొత్తనా?"

పోశాను. కారినది సింకులో వంపేశాను. అంటుకున్నదాన్ని విడిపించి, ఐసులో పెట్టి, పసిపిల్లను అందించినట్టు అక్క చేతికిచ్చాను. అందులో ప్రోటీను ఎంతుందో కొలవాలి. అలవాటైన పనే కదా అని కొలవలేదు.

స్ఫటికం కోసం అక్క ఆ ద్రవాన్ని చుక్కలు చుక్కలుగా పెట్టి, రోజూ మైక్రోస్కోపులో చూసేది.

"ఏమన్న కనవడ్తుందా అక్కా?"

"ఏం లేదు. ప్రోటీనుంటే గింత మడ్డన్న వడాలె, గిది నల్లా నీళ్ళ లెక్క ఉంది." ఉన్నట్టుండి తలెత్తింది. "కిందికి కారింది ఏడ వెట్టినవ్?"

"చెత్తే కదా, పారబోసిన."

"తోక కోసినంక ప్రోటీను దేంతోని పట్టుకుంటది రా?"

అప్పుడు వెలిగింది. తోక లేని ప్రోటీను కిందికి కారిపోయింది. నేను ఐసులో పెట్టి కాపాడింది కోసిన తోకలను! సిగ్గుతో చచ్చిపోయాను.

"మళ్ళ జేద్దామక్కా," అన్నాను.

"ఎందుకు? సింకు నీళ్ళు వోయే నాచారం నాలాల సూడు పో. గిప్పటికి క్రిస్టల్ అయ్యుంటది."

అక్క మళ్ళీ మొదటి నుంచి చేసింది. కారినదాన్ని తానే పట్టుకుంది, నన్ను చాయ్‌కి పంపించి. స్ఫటికం వచ్చింది, పీహెచ్‌డీ కూడా వచ్చింది.

నేను మాత్రం ఆ సింకు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: కిందికి కారినదాన్ని, అందులో ఏముందో తేలేదాకా, ప్రాణం పోయినా పారబోయనని. ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. మొన్న కూడా మా ఆవిడ ఫ్రిజ్ తెరిచి ముక్కు మూసుకుంది.

"గిదేంది, వార్చిన గంజి గిట్ల దాచినవ్? పారబోస్తున్న."

"జర ఆగు," అన్నాను. "అన్నం గిన్నెలనే ఉందా, ముందు సూడనీ."