రైస్ మిల్లులో సినిమా పాఠాలు

సినిమా ఎలా తీస్తారో మాకు నేర్పినవాళ్ళు సినిమావాళ్ళు కారు, సర్కారువాళ్ళు. సైన్యం వచ్చి, దాని వెనకాలే, జనం తిరగబడితే గడీ వదిలి పారిపోయిన దొర కూడా మీసం దువ్వుకుంటూ తిరిగొచ్చిన రోజులవి. జనగామలో పొద్దుగూకితే కర్ఫ్యూ. అందుకే పట్టపగలు రైస్ మిల్లు గోదాము తలుపులు మూసి, కిటికీలకు గోనెపట్టాలు కట్టి బొమ్మ ఆడించేవారు. లోపల తవుడు వాసన, చెమట వాసన.

మొదటిసారి వేసిన సినిమాలో ఒక జమీందారు పాలేరును కొరడాతో కొట్టాడు. జనంలోంచి ఎవరో చెప్పు విసిరారు. ఆ తర్వాత ఎవరు విసరలేదో చెప్పడం కష్టం. తెర చిరిగింది. కోస్తా నుంచి వచ్చిన ప్రచార శాఖ అధికారి అది చూసి ఒక గొప్ప సంగతి కనిపెట్టాడు: ఈ మొద్దు జనానికి బొమ్మకూ మనిషికీ తేడా తెలియదట! మాకు బాగానే తెలుసు. అసలు దొర మీద విసిరితే తుపాకులు పేలతాయి, తెర మీది దొరైతే బట్ట చిరుగుతుంది, అంతే. ఆ పాటి సంగతి ఆ పెద్దమనిషి బుర్రకు తట్టలేదు.

మరుసటి వారం నుంచి మద్రాసు రీళ్ళు తెప్పించి, సినిమా తీసే పద్ధతి మీదే బొమ్మలు వేయించాడు. గొట్టంతో వాన కురిపించడం, అట్టలతో కోట కట్టడం, కంట్లో మందు చుక్క వేసుకుని వలవలా ఏడవడం. తెర పక్కన బెత్తం పట్టుకుని నిలబడేవాడు.

"చూశారా? అంతా ఉత్తుత్తిదే. వీళ్ళంతా కూలికి వేషం కట్టినవాళ్ళు. దీనికి మీరు ఆవేశపడటం ఏంటి?"

మాలో ఎవరైనా మా యాసలో ఏదైనా అడిగితే ముక్కు చిట్లించి "తెలుగులో చెప్పవయ్యా" అనేవాడు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మేం పాఠాల కోసం ఎగబడుతున్నామని మురిసిపోయాడు పాపం. మేం పోయింది వాటికంటే ముందు వేసే వార్తల రీలు కోసం. తుపాకి పట్టి దొరలతో, సర్కారుతో పోరాడుతూ పట్టుబడ్డ దళం మనుషులను అందులో చూపించేవారు. మా అన్న దళంలోకి పోయి ఏడాది దాటింది. రేగొండ అడవిలో ఉన్నాడని ఒకరన్నారు, టేకుమట్ల దగ్గర చచ్చిపోయాడని ఇంకొకరన్నారు. అమ్మ ప్రతి వారం నన్ను వెంటేసుకుని ముందు వరుసలో కూర్చునేది. వార్తల రీలు అయిపోగానే తల దించుకునేది.

ఆ వారం మానుకోట క్యాంపు చూపించారు. ముళ్ళకంచె వెనక ఖైదీల వరుస. చివరన మా అన్న. గడ్డం పెరిగింది, ఒంటి మీద చొక్కా లేదు. నా నోట్లోంచి కేక రాబోతుంటే అమ్మ నా తొడ పట్టుకుని గట్టిగా గిల్లింది.

అధికారి ఆ రీలునే మళ్ళీ వేయించాడు. "వీళ్ళు ఊరూ పేరూ చెప్పడం లేదు. మీలో ఎవరికైనా తెలిస్తే భయపడకుండా చెప్పండి" అన్నాడు. తలుపు దగ్గర పోలీసులు నిలబడి ఉన్నారు. దళంవాడి ఇల్లని తెలిస్తే ఏం చేస్తారో పక్క ఊళ్ళో కాలిన ఇళ్ళను చూసి తెలుసుకున్నాం. మా వాడకట్టు వాళ్ళందరూ అన్నను గుర్తుపట్టారు, ఒక్కరూ మా వైపు చూడలేదు. కానీ అమ్మ కళ్ళు తడిగా ఉండటం అతను చూశాడు.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు? నీవాడున్నాడా అందులో?"

"మావోళ్ళు తెర మీదెందుకుంటరయ్యా?" అంది అమ్మ. "మీరే చెప్తిరి గదా, గీళ్ళంత కూలికి యాసం గట్టినోళ్ళని. మంచిగ జేస్తున్నరు. గందుకే ఏడుపొచ్చింది."

తను నేర్పిన పాఠం తప్పని అనలేక, అతను బెత్తం తిప్పుకుంటూ పక్క వరుసకు పోయాడు. అమ్మ ఆ తర్వాత వానలూ కోటలూ అన్నీ చివరిదాకా కూర్చుని చూసింది. మధ్యలో లేస్తే అనుమానం వస్తుంది కదా.

ఇంటికొచ్చి గడియ పెట్టాక నన్ను దగ్గరికి లాక్కుంది.

"బతికే ఉన్నడు బిడ్డా. వాని పెదిమెలు జూసినవా, ఎట్ల పగిలినయో? నీళ్ళు గూడ ఇస్తలేరు."