ఇంటిపేరు మారిన మేనత్తలు

నిన్న పొద్దున బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగుతుండగా ఫోన్ మోగింది. లలిత భర్త. ఊపిరి మాత్రం వినిపించింది.

గ్లాసు అక్కడే పెట్టేశాను.

మా అన్నయ్య కూతురు లలిత ఇక లేదు.

మీలో చాలామందికి తను మంగళగిరి చీరలమ్మే లలితగానే తెలుసు. ఎవరైనా చీర నచ్చిందని ఫోటో పంపితే, "అది మీకు బాగోదండీ, ఇంకోటి చూడండి" అని సొంత సరుకునే వెనక్కి లాక్కునేది. అలా వ్యాపారం ఎలా నడిచిందో నాకిప్పటికీ తెలీదు. నడిచింది.

సరే, అసలు సంగతికొస్తాను.

అండాశయంలో కేన్సర్ అని తేలిన రోజు నేనూ ఆస్పత్రిలోనే ఉన్నాను. "మీ కుటుంబంలో ఇంకెవరికైనా వచ్చిందాండీ?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా ఇంట్లో అలాంటివేం లేవండీ" అన్నాడు అన్నయ్య, కాస్త గర్వంగానే.

అబద్ధమాడలేదు. ఆయన దృష్టిలో ఇల్లంటే ఇంటిపేరు. మా అక్క రొమ్ము కేన్సర్‌తో పోయింది. చెల్లెలు, ఇప్పుడు లలితకొచ్చిన దానితోనే. కానీ ఇద్దరూ పెళ్ళిళ్ళయి వెళ్ళినవాళ్ళు. ఇంటిపేరు వేరు, గోత్రం వేరు. మా లెక్కలోకి రారు.

లలిత మంచం మీంచే అంది: "అత్తలిద్దరూ నీకేమవుతారు నాన్నా, పక్కింటోళ్ళా?"

డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. జన్యువులో తేడా ఉందని తేలింది. అది అన్నయ్య నుంచి వచ్చిందే. ఎనభై దాటిన ఆయనకి మాత్రం ఇప్పటికీ బీపీ కూడా లేదు.

నాకు అర్థమైనట్టు చెబుతాను, తప్పుంటే చదువుకున్నవాళ్ళు దిద్దండి. మన కాలవగట్టు మీద తిరిగే లస్కరు ఉంటాడు చూడండి, ఎలకబొరియ కనబడితే అప్పుడే మట్టి కొట్టి పూడ్చేవాడు. ఒంట్లో కణాలకి తగిలిన దెబ్బల్ని బాగుచేసే ఈ జన్యువూ అలాంటిదేనట. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, ఇద్దరు లస్కర్లు. ఒకడు పుట్టుకతోనే పనికిరానివాడైతే భారమంతా రెండోవాడి మీదే. ఎక్కడో ఓ చోట వాడు కూడా పడిపోతే, గండి.

అందరికీ పడుతుందని కాదు. ప్రమాదం మాత్రం చాలా ఎక్కువ, ఆడవాళ్ళకి మరీను, రొమ్ములోనో అండాశయంలోనో. మగవాడు తనకేమీ కాకుండానే దాన్ని పిల్లలకి అందించెయ్యగలడు. ప్రతి బిడ్డకీ ఫిఫ్టీ ఫిఫ్టీ.

నేనూ పరీక్ష చేయించుకున్నాను. నాకు రాలేదు. జన్మలో తగిలిన ఒకే ఒక్క లాటరీ, ఎవరికీ చెప్పుకోలేనిది.

కీమో నడుస్తుండగానే లలిత నన్ను వెంటేసుకుని గన్నవరం వెళ్ళింది. అక్కడ మా అక్క కూతురు పద్మ ఉంటుంది. పద్మ తన కూతురికి సంబంధం చూస్తోంది.

"ఇప్పుడా పరీక్ష వద్దు వదినా. మగపెళ్ళివారికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా" అంది పద్మ.

"నీ రిపోర్టు వాళ్ళకెవరు పంపుతారే? ముందే తెలిస్తే స్కానింగులుంటాయి, అవసరమైతే ముందే ఆపరేషన్. నాకా ఛాన్స్ రాలేదు."

పద్మ కాఫీ ఇచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో లలిత తలగుడ్డ సర్దుకుంటూ, "దాని కూతురి పెళ్ళికి చీర నేనే పంపిస్తా బాబాయ్. తిట్లు కూడా అందులోనే మడతపెట్టి" అంది.

పంపలేకపోయింది.

నిన్న సాయంత్రం పాడె లేవకముందు, చూడ్డానికొచ్చిన ఓ పెద్దాయన అన్నయ్యని అడిగాడు.

"మీ వంశంలో లేదు కదండీ ఈ జబ్బు?"

అన్నయ్య తలెత్తి ఆయన వైపు చూశాడు.

"ఉందండీ. మా చెల్లెళ్ళిద్దరూ దీంతోనే పోయారు. నా బిడ్డకి నేనే ఇచ్చాను."

గోడవారన కూర్చున్న పద్మ లేచి నా పక్కకొచ్చింది. "మావయ్యా, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు? రేపు నాతో వస్తావా" అంది.

మైలలో ఉన్నవాణ్ణి, గడప దాటకూడదన్నారు మావాళ్ళు. దాటాను. ఇది ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. పద్మ లోపల రక్తం ఇస్తోంది.

లలితమ్మా, నీ మాటే నెగ్గింది తల్లీ.

ఇంక సూదులు లేని చోట, నొప్పి లేకుండా పడుకో.